కాకి దిగినందుకు కొన్న ల్యాప్‌టాప్

బలరాంకి మతి పోయిందని, చచ్చిపోయిన కొడుక్కి కంప్యూటర్ కొనడానికి ఖమ్మం పోతున్నాడని నాగలక్ష్మి బోరింగు దగ్గర అన్నదట. అన్నది నాగలక్ష్మి, విన్నది జంపక్క. విస్తరాకుల కట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే జంపక్క ఆ మాటను కూడా కట్టలో చుట్టుకొచ్చినట్టు, బలరాం భార్య సైదమ్మ వాకిట్లో కట్ట దించుతూనే విప్పింది.

“నేనన్లేదక్కా. ఆమె అన్నది. బర్రెకు పిడికెడు దాణా లేదుగానీ పోయినోడికి కంప్యూటరంట, అని మూతి తిప్పింది. నాకెందుకమ్మా, చెవులబడ్డది చెప్పిన.”

సైదమ్మ విస్తరాకులు ఎంచుతూ ఉండిపోయింది. అరుగు మీద తల దువ్వుకుంటున్న ఉషారాణికి కూడా ఏమీ అనిపించలేదు. అన్న పోయిన దగ్గర్నుంచి ఆమెకు అంతే. ఎవరు ఏమన్నా, గోడ అవతల ఎవరో ఎవరితోనో మాట్లాడుకుంటున్నట్టు ఉంటోంది. అయినా నాగలక్ష్మి అన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఆ పొద్దున తండ్రీ కూతురూ బస్సెక్కబోతున్నది అందుకే.

సంతోష్ ఆమెకు రెండేళ్లు పెద్ద. ఖమ్మంలో ఇంజనీరింగ్ చదివేవాడు. సెలవులకు వచ్చాడంటే వాడి నోట ఒకటే మాట, ల్యాప్‌టాప్. హాస్టల్లో ఎవరినో బతిమాలుకుని కాసేపు ఆడుకునే ఆటలు వాడికి ఏ మూలకూ ఆనేవి కావు. సాయంత్రం వాకిట్లో మంచం వాల్చుకుని, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్లికూతురి గుణగణాలు చెప్పినట్టు చెప్పేవాడు.

“ఆటలాడేది కావాలె ఉషా, గానీ బండరాయి లెక్క ఉండొద్దు. రోజూ కాలేజికి మోసుకపోవాలె. గ్రాఫిక్స్ కార్డు దాని సొంతది ఉండాలె. వేడిగాలి పక్కనుంచి పోవాలె. కిందినుంచి పోయేదైతే మంచం మీద పెట్టంగనే ఉడికిపోతది. మూత కీళ్లు గట్టిగుండాలె. నా చదువు అయిపోయేదాంక మళ్ల ఇంకోటి అడగొద్దు నాయినను.”

వినీ వినీ ఉషారాణికి అదంతా ఎక్కాల్లా నోటికొచ్చేసింది. బలరాం మాత్రం పశువుల కొట్టంలోంచే జవాబు చెప్పేవాడు.

“ఆటలాడనీకి కంప్యూటరెందుకురా, ఊళ్లె జాగ లేదా? మిర్చి చేతికి రానీ, చూద్దాం.”

మిర్చి చేతికొచ్చింది. చూడలేదు. మళ్లీ మిర్చి నాటే అదనుకు సంతోష్ చలిజ్వరంతో ఇంటికొచ్చాడు. ఈ అడివంచు ఊళ్లలో వానలు పడ్డాక చలిజ్వరం ఎవరికి రాదు? బిళ్లలు మింగి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. జ్వరం తలకెక్కింది. భద్రాచలం దవాఖానాకు చేర్చేసరికి వాడు ఎవరినీ గుర్తుపట్టే స్థితిలో లేడు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఉషారాణి ఒళ్లో వాడి చెప్పులున్నాయి. అవి ఎవరు ఇచ్చారో, తను ఎందుకు పట్టుకుందో ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు.

పెద్దకర్మ నాడు గోదారి గట్టున కాకికి పెట్టారు. నది ఎర్రగా, నిండుగా పోతోంది. ఇసుక తిన్నెలు మునిగిపోయాయి కాబట్టి గట్టు మీదే మోదుగాకు విస్తరి పరిచి, కోడికూర, పప్పుచారు, బూందీ వడ్డించి, వాడు తాగే కూల్‌డ్రింకు మూత తీసి పక్కన పెట్టారు. తుమ్మచెట్టు కొమ్మల మీద కాకులు బారుగా కూర్చున్నాయి. అరుస్తున్నాయి, మెడలు సాచి చూస్తున్నాయి, దిగడం లేదు. ఎండ నెత్తికెక్కింది. అన్నం ముద్ద పైన ఎండిపోయి పెచ్చు కట్టింది.

బలరాంకి వరసకు పెద్దనాయన అయ్యే ముసలయ్య కర్ర ఆనించుకుని గొంతు సవరించుకున్నాడు. కర్మల కాడ ఆ ఊళ్లో ఆయన మాటే చెల్లుతుంది.

“పిల్లగాని మనసు దేనిమీదనో ఉన్నదిరా బలరాం. అదేందో ఒప్పుకో. లేకుంటే ఈ ముద్ద ముట్టడు.”

అందరూ అటూ ఇటూ చూశారు. సైదమ్మ, “ల్యాప్‌టాప్ అడిగిండు” అంది.

బలరాం విస్తరి ముందుకు పోయి దబ్బున మోకాళ్ల మీద కూలబడ్డాడు. “కొంటా కొడుకా. నువ్వు చెప్పిందే కొంటా. ఇగ దిగు బిడ్డా.”

ఒక కాకి దిగింది. దాని వెనక ఇంకొకటి. ఆడవాళ్లు గొల్లుమన్నారు. బలరాం నేలకు నుదురు ఆనించి లేవలేదు.

ఉషారాణి ఏడవలేదు. అందరూ నిలబడి చెట్టు మీదికి చూస్తుంటే ఆమె ఒక్కతే నేల మీద కూర్చుని ఉంది. కింద కూర్చున్నవాళ్లకు కిందివే కనిపిస్తాయి. విస్తరికి అవతల వావిలి పొదలో ఒక నల్లకుక్క పడుకుని ఉంది. కోడికూర వాసన విడిచి పోలేక, ఇంతమంది మనుషుల్లోకి రాలేక, ముట్టె కాళ్ల మధ్య పెట్టుకుని చూస్తోంది. ఆమె దాన్ని మొదట్నుంచీ చూస్తూనే ఉంది. అదిలించాలని తెలుసు. చెయ్యి లేవలేదు. నాయిన దబ్బున కూలబడ్డప్పుడు అది జడుసుకుని లేచి, తోక ముడుచుకుని గట్టు దిగి పోయింది. అప్పుడు దిగింది కాకి. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఆ రోజుల్లో ఏదీ చెప్పాలని అనిపించేది కాదు.

మాట ఇచ్చింది పోయినవాడికి కనక ఈసారి మిర్చి దాకా వాయిదా లేదు. వాడు ఏం చెప్పాడో తెలిసింది కూతురికే కాబట్టి బలరాం ఆమెను వెంటబెట్టుకున్నాడు.

ఆమెకు కూడా ఆ ఏడే ఖమ్మంలో సీటొచ్చింది. కంప్యూటర్ సైన్సే. వచ్చే సోమవారం చేరాలి. ఇంట్లో అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. ఈ ఇంట్లో కొనగలిగేది ఒక్క ల్యాప్‌టాప్. అది తనతో కాలేజీకి వస్తుందా, లేక అన్న ఫొటో కింద ఉండిపోతుందా? ఆ ఒక్కటీ అడగాలంటే నాయిన తన మొహంలోకి చూడాలి. ఆయన చూపు ఆ పెద్దకర్మ నాటినుంచీ ఆమె పక్కగా పోతోంది, దారిలో గుంజను తప్పించుకుని పోయినట్టు.

భద్రాచలం వంతెన మీద బస్సు నెమ్మదించింది. పిల్లలిద్దరికీ చెరో రూపాయి బిళ్ల ఇచ్చి గోదారిలో వేయించడం బలరాంకి అలవాటు. జేబులోంచి ఒక బిళ్ల తీసి, “మా సంతోష్‌ది” అని కిటికీలోంచి తనే విసిరాడు. జేబులోకి చెయ్యి మళ్లీ పోలేదు. ఉషారాణి నీళ్లవైపు చూసింది. వంతెన అయిపోయింది.

ఖమ్మంలో వైరా రోడ్డు మీద షాపు. అద్దాల తలుపు తీయగానే ఏసీ చల్లదనం మీద పడి బలరాం తుండుగుడ్డ భుజాలమీద కప్పుకున్నాడు. షాపు యజమాని రామ్‌చందర్ కుర్చీ చూపించాడు.

“ఎవరికి పెద్దాయనా?”

“మావాడికి. ఇంజనీరింగ్ మూడో ఏడు.”

“బాబును కూడా తీసుకురావల్సింది. ఈ కాలం పిల్లలకు మనం కొన్నది నచ్చుద్దా?”

“వాడు రాడు. చెల్లె చెప్తది.”

చెల్లె చెప్పింది. ఆటలాడేది, గ్రాఫిక్స్ కార్డు సొంతది, వేడిగాలి పక్కనుంచి. చెబుతుంటే తన గొంతు తనకే క్లాసులో పాఠం ఒప్పజెప్పినట్టు వినిపించింది. రామ్‌చందర్ రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి వెడల్పు తెరది, అంచుల్లో ఎర్రలైట్లు వెలిగేది, ఎత్తితే చేతులు కిందికి లాగేది. రెండోది చిన్నది, నల్లగా, మామూలుగా ఉంది. ఆట కార్డు మాత్రం అందులోనూ ఉందన్నాడు.

ఎద్దుల సంతలో బలరాం మాటంటే మాటే. జత కొనుక్కునేవాళ్లు దూరం ఊళ్లనుంచి వచ్చి మరీ ఆయన్ని వెంటబెట్టుకుపోతారు. ఆ ఎరుకతోనే ఇక్కడా మొదలుపెట్టాడు. రెండింటి చుట్టూ తిరిగాడు. వీపు నిమిరాడు. మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, వంగి లోపలికి చూశాడు.

“పెద్దాయనా, దానికి పళ్లుండవు,” అన్నాడు రామ్‌చందర్ నవ్వుతూ.

“పళ్లు లేకున్నా వయసైతే ఉంటది గద,” అన్నాడు బలరాం నవ్వకుండా. పెద్దదాన్ని రెండు చేతుల్తో ఎత్తి తూచాడు. “ఇది. బరువున్నది. బరువున్నదే నిలబడతది.”

ఎద్దు విషయంలో అది నిజమే. ఉషారాణి చిన్నదాన్ని దగ్గరికి జరుపుకుంది. బోర్లించి చూసింది. వేడిగాలి పోయే జాలీ పక్కకే ఉంది. మూత కీళ్లు ఊగడం లేదు. బ్యాటరీ ఊడదీసి పెట్టుకోవచ్చు, పాతబడితే మార్చుకోవచ్చు.

“అన్న రోజూ మొయ్యాలె నాయినా,” అంది. “బస్సెక్కాలె, దిగాలె, మెట్లెక్కాలె. అంత బరువు మొయ్యలేడు.”

నాలుక ఎక్కడా తడబడలేదు. అంత సులువుగా వచ్చేసినందుకు కూడా ఆమెకు ఆశ్చర్యం వేయలేదు. అంటున్నంతసేపూ తడుముకుంటున్నది తన భుజాన్నే.

బలరాం పెద్దదాన్ని కింద పెట్టాడు. “అవ్. వాడి భుజం సన్నది.”

ఆట ఆడించి చూపించమని ఆమె అడిగింది. రామ్‌చందర్ ఏదో కార్ల పందెం పెట్టాడు. తెరమీద కార్లు గుద్దుకుంటున్నాయి. కాసేపటికి లోపల ఫ్యాను రొదపెట్టింది.

“ఎగపోస్తంది గద, ఇది దమ్మున్న జాతేనా?” అన్నాడు బలరాం.

“ఆట ఆడేటప్పుడు ఫ్యాన్ అట్లనే తిరుగుద్ది. వేడి పోవాలిగా.”

బలరాం ఎద్దు ముక్కు దగ్గర పెట్టినట్టు జాలీ దగ్గర అరచెయ్యి పెట్టాడు. వెచ్చటి గాలి తగులుతోంది. రామ్‌చందర్ ఆట ఆపేశాడు. ఫ్యాను రొద తగ్గింది, ఆగింది. బలరాం చెయ్యి తియ్యలేదు. రామ్‌చందర్ ఉషారాణివైపు చూశాడు. ఆమె బల్ల మీద చుట్టి పెట్టిన వైరును చూస్తోంది. దానికి ప్లాస్టిక్ దారం ఎన్ని మెలికలు వేశారో అని ఆలోచిస్తోంది.

“బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారు? రేపు రిపేరుకొస్తే వాళ్లే తేవాలి.”

“నేను తెస్తా,” అంది ఉషారాణి.

“సంతోష్ అని రాయి,” అన్నాడు బలరాం.

ఇంటికి తెచ్చి అట్టపెట్టె విప్పకుండానే ఫొటో కింద స్టూలు మీద పెట్టాడు. కొత్త ట్రాక్టరుకు పెట్టినట్టు పసుపు రాసి బొట్లు పెట్టాడు. ఒక బంతిపూల దండ దానికీ వేశాడు. పొద్దున లేచి ముందు దాని దగ్గరికే పోయేవాడు. దుమ్ము ఉన్నా లేకపోయినా తుండుగుడ్డతో తుడిచేవాడు.

ఆదివారం సాయంత్రం సైదమ్మ కూతురి బట్టలు సర్దుతుంటే ముసలయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన వెనకే, పాలకని గిన్నె పట్టుకుని నాగలక్ష్మి. గిన్నె చేతిలో ఉంది, కళ్లు మాత్రం స్టూలు మీద ఉన్నాయి.

“ఏంది సైదక్కా, కంప్యూటరంటే బొమ్మలు కనబడతయనుకున్న. ఇది పెట్టెనే గద.”

సైదమ్మ మొగుడివైపు తిరిగింది. “పిల్ల రేపు పోతంది. అది దాని సంచిల పెట్టు.”

“దానిది కాదది.”

“మరి ఎవనిది?”

“వాడిది. అడిగి తీసుకున్నడు. నేను మాట ఇచ్చినంకనే ముద్ద ముట్టిండు. మీరందరు చూసిన్రు గద.”

“చూసినం,” అన్నాడు ముసలయ్య. “ఏడాది తిరిగేదాంక ఎవ్వలు ముట్టొద్దు దాన్ని. నోటితో ఇచ్చి చేత్తో గుంజుకుంటే బాగుండదు.”

“ఏడాది వాడకుంటే బ్యాటరీ చస్తదంట, మా అల్లుడన్నడు,” అంది నాగలక్ష్మి. అనేశాక తనే నాలుక కరుచుకుని గిన్నెలోకి చూసుకుంది.

సైదమ్మ చేతిలోని చున్నీని మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. “బతికున్నదానికి పనికొస్తదంటే వాడు వద్దంటడా? పక్కల కూసోబెట్టుకోని చెప్పింది దీనికే గద.”

“నాకు తెల్వదా వాడి సంగతి?” బలరాం గొంతు లేచింది. “బతికున్నన్ని దినాలు లేదు లేదంటిని. ఇప్పుడిచ్చింది గూడ గుంజుకోవాల్నా?”

ఆయన గుమ్మంలో నిలబడ్డ కూతురివైపు తిరిగాడు. ఇన్నాళ్లకు మొహంలోకి సూటిగా చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నువ్వన్న చెప్పు బిడ్డా. నువ్వక్కడనే కూసోనున్నవ్. నేను మాటియ్యంగనే కాకి దిగిందా లేదా? నీ కండ్లతో చూసినవా లేదా?”

“చూసిన నాయినా. పొదల కుక్క పండుకోనున్నది. నువ్వు కూలబడంగనే జడుసుకోని లేచిపోయింది. అందుకు దిగింది కాకి.”