నీడ లేని బల్ల

దర్జీకి నీళ్లంటే చచ్చేంత భయం. వానాకాలంలో వీధి గుంట దాటాల్సి వచ్చినా పక్కవాడి భుజం పట్టుకునే రకం. అలాంటివాడికి సముద్రం అడుగున ఉద్యోగం చేసే పెళ్లాం దొరికింది. రాసిపెట్టి ఉండటమంటే ఇదే కాబోలు.

కింద గదిలో అతని దుకాణం, పైన ఇల్లు. ఆమె రోజూ ఉప్పు పట్టిన జుట్టుతో వచ్చి, తడిసిన ఈత సూటుని కిటికీ పక్క కొక్కేనికి తగిలించేది. ఆ కొక్కేలు ఖాతాదారుల కోట్ల కోసం పెట్టినవని చెప్పి చెప్పి అతని నోరు నొప్పెట్టింది. ఒక పెద్దమనిషి ఆ సూటుని తడిమి చూసి, తనకీ అలాంటిదే కుట్టమని అడిగాడు కూడా. దర్జీ తెల్లమొహం వేశాడు.

ఆమె పని పగడాల తోట పెంచడం. రేవు బయట పెద్ద పగడపు దిబ్బ ఉంది. లంగర్లు పడి సగం విరిగింది, ఊరి మురుగు చేరి ఇంకొంత చచ్చింది. విరిగి పడిన ముక్కల్ని ఆమె ఏరి, నీటి అడుగున ఇనప గొట్టాలతో చేసిన బల్లల మీద కట్టి, నాచు పట్టకుండా బ్రష్షుతో తోమి, పెరిగాక తీసుకెళ్లి దిబ్బ మీద నాటేది. పడవవాళ్లు లంగరు వేయకుండా కట్టుకోవడానికి తేలే డబ్బాలు పెట్టించింది కూడా ఆమే. మొదట్లో వాళ్లు ఆమె మీద కారాలూ మిరియాలూ నూరారు. ఆమె వాదించలేదు. ఒక్కొక్కణ్ణీ ఈత కళ్లద్దాలు పెట్టి నీళ్లలో ముంచి, వాళ్ల లంగరు చేసిన నిర్వాకం వాళ్లకే చూపించింది. పైకి తేలినవాడు తేలినట్టే నోరు మూసుకున్నాడు.

ఈ సంగతి చెప్పేటప్పుడు దర్జీ బోర విరుచుకునేవాడు. నిజానికి ఒక్కసారి కూడా తను వెళ్లి చూసింది లేదు.

ఆ ఏడు వేసవిలో సముద్రం వేడెక్కింది.

"నీళ్లు వెచ్చగా ఉన్నాయండీ," అందామె ఒక సాయంత్రం, అన్నం ముందు కూర్చుని. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే తెల్లబడిపోతాయి."

"తెల్లబడితే అందంగానే ఉంటాయి కదమ్మాయ్?" అంది అత్తగారు.

"అందం కాదు అత్తయ్యా, ఆకలి. పగడం రాయి కాదు, బుల్లి బుల్లి ప్రాణుల గుంపు. వాటి ఒంట్లో ఒక రకం నాచు కాపురముండి తిండి వండి పెడుతుంది. ఆ రంగు కూడా దానిదే. వేడి ఎక్కువైతే పగడం ఆ నాచుని బయటికి గెంటేస్తుంది."

"వంటమనిషిని వెళ్లగొట్టి పస్తులుంటుందా! అచ్చం మా ఆడపడుచే," అంది అత్తగారు.

ఆమె పగలబడి నవ్వింది. "అంతే! నీళ్లు చల్లబడితే మళ్లీ పిలుచుకుంటుంది. ఆలస్యమైతే మాత్రం చచ్చిపోతుంది."

వేడి నీళ్లకి ఎండ తోడైతే పగడం ఇంకా త్వరగా తెల్లబడుతుందని, బల్లల మీద నీడ పరచాలని ఆమె పనిచేసే పరిశోధన కేంద్రంలో నిర్ణయించారు. ఆ గుడ్డలు కుట్టే పని దర్జీ చేతికొచ్చింది. ఆమె మాత్రం ఆ వారమంతా మురుగు కాలువ మళ్లించమని నగర కార్యాలయం మెట్లు ఎక్కి దిగింది. "వేడిని నేను ఆపలేను. జ్వరమొచ్చినవాడికి కుళ్లిన తిండి పెట్టకుండానైనా చూడొచ్చు కదా?" అని అక్కడి అధికారిని అడిగింది. అతను రోజూ రేపు రమ్మనేవాడు, ఆమె రోజూ వెళ్లేది. చివరికి ఆమె పోరు పడలేకే కాలువ మళ్లించాడు.

ఇంట్లో దర్జీ మిషను ఆగలేదు. వల గుడ్డ చాలు, పలచగా ఉండాలి అని ఆమె చెప్పే వెళ్లింది. కానీ అస్తరు లేకుండా వదలడం అతని వంశంలో లేదు. పెళ్లాం పనికి పలచటి గుడ్డ పంపితే నలుగురూ ఏమనుకుంటారు? ప్రతి గుడ్డకీ లోపల అస్తరు వేశాడు, అంచులు రెండేసి మడతలు కుట్టాడు, మూలలకి కాజాలు తీశాడు. రాజుగారి పడకకి కూడా అంత పనితనం చేసి ఉండరు. ఆమె మెట్లెక్కి దిగే హడావుడిలో ఉండగా మూటలు తిన్నగా పడవలోకి వెళ్లిపోయాయి.

మొదటి గుడ్డ కట్టిన మధ్యాహ్నమే పోటు తిరిగింది. ఆ మందపు గుడ్డలోంచి నీళ్లు పోయే దారి లేదు. తెరచాపలా ఉబ్బి, కింద ఉన్న బల్లని గొట్టాలతో సహా పెరికి, ఇసక మీద ఈడ్చుకుపోయింది. పోతూ పోతూ మిగతా బల్లల అంచుల్నీ గీకి తలా కొన్ని ముక్కలు రాల్చింది.

ఆమె గీరుకుపోయిన వేళ్లతో ఇంటికొచ్చి సంగతి చెప్పింది. దర్జీ కత్తెర కింద పెట్టేశాడు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.

"నా చేతులు విరగ్గొట్టు," అన్నాడు.

"చేతులు విరగ్గొడితే మిగతావి ఎవరు విప్పుతారు?" అంది ఆమె. "తప్పు నాదండీ. మీరు అస్తరు వేస్తారని నాకు తెలియద్దూ?"

ఆ మాటకి అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తను కుట్టిన అస్తర్లన్నీ తనే పీకాడు. కన్నపిల్లల్ని కొట్టినంత బాధ పడ్డాడు.

ఈలోపు ఆమె ఇసకలో చెల్లాచెదురైన ముక్కలన్నీ ఏరింది. ఏది ఏ తల్లి పగడం నుంచి వచ్చిందో, పిల్లల్ని మొహం చూసి పోల్చుకున్నట్టు పోల్చింది. అన్నిటినీ కొత్త బల్ల మీద కలిపి కట్టింది. తోటలోని ప్రతి తల్లి పిల్లలూ ఇప్పుడు ఆ ఒక్క బల్ల మీద ఉన్నాయి.

పోయిన గుడ్డకి బదులు దర్జీ కొత్తది కుట్టాడు. ఈసారి గాలి ఊదితే అవతలికి తెలిసేంత పలచటి వల. రేవు దాకా తనే మోసుకెళ్లాడు. మిగతా బల్లలన్నిటికీ అప్పటికే నీడ పడింది.

"ఆ కొత్త బల్లకి వద్దండీ," అంది ఆమె పడవలోంచి.

అతని మొహం మాడిపోయింది. "ఇంకా నా కుట్టు మీద నమ్మకం కుదరలేదా?"

"నమ్మకం లేక కాదు. దిబ్బ ఎంత పెద్దదో తెలుసా? దానంతటికీ మీరు పందిరి కుట్టగలరా?"

"ఎలా కుట్టగలను?"

"మరి వీటిని పెంచి నాటాల్సింది అక్కడే కదా. ఏ తల్లి పిల్లలు ఎండకి ఓర్చుకుంటాయో తెలియకుండా దేన్ని నాటమంటారు? అందరి పిల్లలూ ఉన్న బల్ల ఇదొక్కటే. దీన్ని ఎండలో వదలాల్సిందే."

"చచ్చిపోతాయేమో!"

"చావొచ్చు," అంది ఆమె. "నేను రోజూ వెళ్లి చూస్తాను."

దర్జీ ఆ గుడ్డని తిరిగి ఇంటికి తెచ్చాడు. తను విరిచినవే మళ్లీ ఎండన పడ్డాయన్న బాధ అతన్ని నిలవనీయలేదు. పడవవాణ్ణి బతిమాలి చాటుగా కప్పించేద్దామని రెండుసార్లు గుడ్డ చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. ఆమె మొహం గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. పెంచిన చేతులతోనే ఎండకి వదిలి, రోజూ వెళ్లి వాటి పక్కన నిలబడటానికి ఎంత గుండె కావాలి? తనకైతే లేదు. ఎంతమంది ఛాతీకో టేపు చుట్టాడు గానీ ఇలాంటి గుండె అతనికి ఎక్కడా తగల్లేదు.

ఆమె ఇంటికొచ్చి, "తెల్లబడుతున్నాయి" అనేది. అంతకుమించి ఎవరూ అడిగేవారు కాదు. అత్తగారు కూడా హాస్యాలు మానేసింది.

మబ్బులు పట్టి, గాలి మళ్లి, నీళ్లు చల్లబడ్డాక ఒక ఉదయం దర్జీ అన్నాడు, "నన్నూ తీసుకెళ్లు."

"మిమ్మల్నా? నీళ్లలోకా?"

"చూడాలి."

ఆమె ఇచ్చిన ఈత కళ్లద్దాలు పెట్టుకుని, పడవ నిచ్చెన పట్టుకుని, వణుకుతూ, దేవుళ్లందరికీ మొక్కుకుంటూ అతను నీళ్లలో మొహం పెట్టాడు. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత అన్నీ కనిపించాయి. నీడ కింద బల్లలు కాస్త పాలిపోయినా రంగుతోనే ఉన్నాయి, వాటి చుట్టూ చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. ఎన్నేళ్లుగానో తన ఇంటి నుంచి రోజూ బయల్దేరి ఆమె వెళ్లే చోటు ఇంత అందంగా ఉంటుందని అతనికి తెలియదు.

నీడ లేని బల్ల మీద చాలా ముక్కలు చచ్చి నాచు పట్టాయి. ఆమె కిందికి దిగి చచ్చినవాటిని ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంటోంది. విసురు లేదు, తొందర లేదు. ఒక మూల ఆమె చెయ్యి ఆగింది. అక్కడ గోధుమరంగులో కొన్ని ముక్కలు, వేసవి వచ్చి వెళ్లిన సంగతే తెలియనట్టు, నిబ్బరంగా ఉన్నాయి. ఆమె వాటిని వేలితో తాకలేదు. చుట్టూ తిరిగి తిరిగి చూసింది.

పైకి వచ్చి కళ్లద్దాలు తీయగానే ఆమె బావురుమంది. ఇన్నాళ్లూ ఒక్క చుక్క కార్చని మనిషి.

"ఊరుకో. పోయినవి ఎన్నో పోయాయి, నా వల్లే..."

"పోయినవాటికి కాదండీ," అంది ఆమె వెక్కుతూ. "బతికాయి. ఓర్చుకునే తల్లి ఏదో తెలిసింది."

రేవులో దిగేటప్పుడు అతని భుజం పట్టుకుని ఆమె అంది, "వచ్చే వేసవికి ఒక గుడ్డ తక్కువ కుట్టండి. ఆ తల్లి పిల్లల బల్లకి నీడ అక్కర్లేదు."

చేతికి రావాల్సిన పని తగ్గినందుకు లోకంలో ఏ దర్జీ అంత సంతోషించి ఉండడు.