రెండో ఊపుకు ముందు

ఆసుపత్రిలో అందరూ ఆమెను దుప్పట్ల శాస్త్రవేత్త అనేవారు. భూకంపాల మీద పట్టా పుచ్చుకున్న మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది? అలాగని తప్పు ఆమెది కాదా అంటే, ముమ్మాటికీ ఆమెదే. నేల కదలికను పసిగట్టే యంత్రాన్ని ఆసుపత్రి అడుగు అంతస్తులో బిగించేటప్పుడు గోడకు అవతల ఏముందో చూసుకోలేదు. అవతల దుప్పట్లు పిండే పెద్ద మిషను ఉంది. అది గిర్రున తిరగగానే భూకంపం వచ్చిందనుకుని హెచ్చరిక పెట్టె కూతపెట్టింది. లిఫ్టులు ఆగి తలుపులు తెరుచుకున్నాయి. పెద్దమనుషుల్ని వెంటేసుకుని పైకి వెళ్తున్న సూపరింటెండెంటుగారు దారిలో దిగిపోయి, మెట్లెక్కలేక చెమటలు కక్కారు.

ఆ తరువాత ఆమె ఊరి బయట కొండరాతి మీద ఇంకో యంత్రం పెట్టింది. రెండూ ఒకే మాట చెబితేనే పెట్టె కూస్తుంది. కానీ పోయిన పరువు అంత తేలిగ్గా తిరిగొస్తుందా? పెట్టె పీకేయమని సూపరింటెండెంటు హుకుం జారీ చేశారు. ఆ మధ్యాహ్నమే అడుగు అంతస్తులోని పెట్టె గదికి కటింగ్ ప్లయరు పట్టుకుని వచ్చినవాడు లిఫ్టుల ఇంజనీరు, స్వయానా ఆమె అక్క మొగుడు. వెనకాలే సూపరింటెండెంటు.

"ఏమీ అనుకోకు మరదలా. ఇంట్లో మీ అక్క మాట, ఇక్కడ ఈయన మాట. నాకంటూ ఓ మాట ఎప్పుడుంది చెప్పు?" అన్నాడు బావ.

ఆమె సూపరింటెండెంటు వైపు తిరిగింది. "భూకంపంలో మొదటి అల వేగంగా వస్తుంది సార్, కానీ బలం తక్కువ. కొంపలు కూల్చేది వెనకాల వచ్చే రెండోది. ఈ పెట్టె మొదటిదాన్ని పట్టుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో లిఫ్టు ఆగి తలుపు తెరుచుకుంటే లోపలివాళ్ళు బయటపడతారు."

"కాస్త వ్యవధంటే ఎంతమ్మా, తుమ్మినంత సేపా? నువ్వు కానివ్వవయ్యా."

బావ తీగ మీద ప్లయరు పెట్టాడో లేదో, పెట్టె కూసింది.

"ఇదిగో, దుప్పట్లు వేశారు!" సూపరింటెండెంటు పకపకా నవ్వారు. బావ ప్లయరు పడేసి, లిఫ్టుల్ని మళ్ళీ నడిపించే బటన్ వైపు చెయ్యి చాపాడు. "పేషెంటును థియేటర్‌కి తీసుకెళ్తున్న నర్సు మీ అక్కే. లిఫ్టు ఆగిందంటే నా తాట తీస్తుంది."

పెట్టె మీద రెండు యంత్రాల దీపాలూ వెలుగుతున్నాయి. ఈసారి తప్పయితే ఇక ఈ ఊళ్ళో తలెత్తుకోలేదు. అయినా ఆమె బటన్‌కు అడ్డంగా నిలబడింది.

"ముట్టుకోకు బావా! కొండ కూడా చెప్పింది! బల్ల కిందికి రండి సార్!"

సూపరింటెండెంటు ఏదో అనబోయారు. ఆ మాట నోట్లో ఉండగానే రెండోది వచ్చింది.

నేల అటూ ఇటూ ఈడ్చి కొట్టింది. అల్మరా బోర్లా పడింది. బల్ల కింద ముగ్గురూ ఒకరినొకరు కరుచుకుపోయారు.

కుదుపు ఆగగానే మెట్ల మీద పరుగెత్తారు. పై వరండాలో అక్క నేల మీద కూర్చుని ఉంది, ఒక చేత్తో సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో పేషెంటు చెయ్యి పట్టుకుని. "పెట్టె కూసింది, తలుపు తెరుచుకుంది, స్ట్రెచర్ లాగేశాం," అంది ఆయాసపడుతూ.

బావ లిఫ్టు గోతిలోకి టార్చి వేసి చూశాడు. లిఫ్టుకు సమతూకంగా వేలాడే ఇనుప దిమ్మ పట్టాలు తప్పి దారికి అడ్డంగా ఒరిగి ఉంది. లిఫ్టు పైకి కదిలి ఉంటే నేరుగా దాన్నే గుద్దుకునేది. "నేను బటన్ నొక్కబోయానే," అని అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇంటికి రా, చెబుతా నీ సంగతి," అంది అక్క. ఆమె కళ్ళూ తడిశాయి.

చెల్లెలికి ఏడవాలో ఎగరాలో తెలియలేదు. ఎగిరింది. పేషెంట్లందరూ చూస్తుండగా, ఇంత చదువు చదివిన మనిషి, వరండా మధ్యలో గంతులు వేసింది.

అంతలో కింద పెట్టె మళ్ళీ కూసింది. ఎవరూ నవ్వలేదు.

"తలలు కాచుకోండి! మా దుప్పట్ల శాస్త్రవేత్త పెట్టె కూస్తుంటే వినబడటం లేదా!" అని వరండా దద్దరిల్లేలా అరుస్తూ, అందరికంటే ముందు వరండాలోని నర్సుల బల్ల కిందికి దూరినవారు సూపరింటెండెంటుగారు.