ప్లగ్గు దగ్గర స్విచ్చి

ఇవాళ విజయవాడలో నా పరీక్ష. తిరువూరు నుంచి తొలి బస్సు పట్టుకోవాలి. జిరాక్సు షాపులు ఇంకా తెరవలేదు కాబట్టి హాల్ టికెట్టు మా ఇంటి ప్రింటరే ఇవ్వాలి.

అది ఇచ్చిన కాగితం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫొటోలో నా మొహం రంగుల్లో నవ్వుతోంది. పక్కన పేరు లేదు, నంబరు లేదు. నల్ల ఇంకు అయిపోయింది.

"పట్టుమని పది కాగితాలు తియ్యలేదు! ఈ దిక్కుమాలిన పెట్టె తాగేసిందా ఏంటి నాన్నా?"

"అవునే," అన్నాడు నాన్న ఫోన్లో చదువుతూ. "ప్లగ్గు దగ్గర ఆపేస్తే, మళ్ళీ వేసినప్పుడల్లా అది లోపల కడుక్కుంటుందంట. ఇంకుతోనే."

మా ఇంట్లో ప్లగ్గు దగ్గర ఆపేది ఇంకెవరు? నాయనమ్మ. ఎవరైనా గదిలోంచి బయటికెళ్తే చాలు, కరెంటు దండగని ఆవిడ చెయ్యి గోడ మీదికి వెళ్తుంది. వేసినప్పుడల్లా ఆ పెట్టె గరగరమంటుంటే వేడెక్కుతోందనుకునేదాన్ని.

నాన్న ఫొటో కాగితమని సెట్టింగు మార్చాడు. అలాగైతే మిగిలిన రంగులు కలిపి నలుపు చేస్తుందట. ఆ రంగులూ అడుగంటాయి. ఈ ఒక్క కాగితానికి సరిపోతే చాలు.

కాగితం కదిలింది. నా పేరు వచ్చింది. నాన్న బండి తియ్యడానికి వెళ్ళాడు, నేను బ్యాగు కోసం లేచాను.

తిరిగొచ్చేసరికి ప్రింటరు లైటు ఆరిపోయి ఉంది. కాగితం సగంలో ఆగిపోయింది.

"బస్సుకి టైమైందిగా, నేనే ఆపేశాలేమ్మా," అంది నాయనమ్మ. నా మొహం చూసి బెదిరిపోయి, మళ్ళీ స్విచ్చి మీద వేలు పెట్టింది.

"వెయ్యొద్దు నాయనమ్మా!"