ఇద్దరికీ కలిపి ఒక్క మొహం

డేటింగ్ యాప్‌కి నెల నెలా చందా కడితే జేబుకి చిల్లు. ఏడాదికి ఒకేసారి కడితే అందులో సగమే పడుతుంది. ఆ సగాన్ని కూడా ఇద్దరం పంచుకుందామని ఐడియా ఇచ్చింది వదిన. సొంత వదినేం కాదు, పిలుపంతే. కళ్ళజోళ్ళ దుకాణంలో ఆవిడది కౌంటరు, నాది వెనక గదిలో అద్దాల అంచులు అరగదీసే పని. ఆవిడ మొగుడు వదిలేసి పోయి ఏడేళ్ళు. నాకసలు పెళ్ళే కాలేదు.

"నీతో మాట్లాడేవాళ్ళ జోలికి నేను రాను. నావాళ్ళ జోలికి నువ్వు రాకు," అంది.

ఖాతాకి ఫొటో మాత్రం ఒకరిదే పెట్టనిస్తారు. "నా మొహం ఎవడు చూస్తాడే," అని నన్నే నిలబెట్టింది. స్టూడియో ఖర్చెందుకని దుకాణంలోనే, ఫ్రేముల అరల ముందు ఫొటో తీసింది. చెప్పొద్దూ, బాగానే వచ్చాను. పిసినారితనంలో ఒకరిని మించినవాళ్ళం ఒకరమని ఆ వారమంతా నవ్వుకున్నాం.

నాకు తగిలినవాళ్ళందరూ రెండు రోజులకే చల్లారిపోయారు. వదినకి మాత్రం ఒకతను కుదిరాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కట. ఫోన్లో మాట్లాడదామంటే సిగ్గని దాటేస్తూ, నాలుగు నెలలుగా రాతలతోనే నెట్టుకొచ్చింది. మాట ప్రకారం నేను వాటిని ఏనాడూ తెరవలేదు.

నిన్న యాప్ తెరవగానే అతని మాట పైనే కనిపించింది. "నాలుగోసారి కూడా రాలేదు. ఫొటోలో అద్దం మీద మీ దుకాణం పేరుంది. నేనే వస్తాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోను పట్టుకుని కౌంటరు దగ్గరికి పరుగెత్తాను.

"అతను నాలుగుసార్లు రమ్మంటే ఎందుకు వెళ్ళలేదు వదినా?"

"వెళ్ళాను. దూరం నుంచి చూసి వచ్చేశాను. అతను ఎదురుచూసేది నీ మొహం కోసం కదా, నన్నేం చేసుకుంటాడు?"

"మరి నిజం చెప్పెయ్."

"చెబితే ఇక రాయడే." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "రేపు చెప్పేస్తాలే, ఒట్టు."

నమ్మాను.

ఈ రోజు ఐదున్నర కావస్తుండగా, యజమాని లేని సమయంలో, తయారైన జోళ్ళు ఇద్దామని కౌంటరు దగ్గరికి వచ్చాను. కొలతల కుర్చీలో కూర్చున్నతను లేచి నిలబడ్డాడు. భారీ మనిషేమీ కాదు, గొంతు కూడా పెంచలేదు. నాకు భయం వేసింది అందుకే.

"నువ్వేగా," అన్నాడు. "మీ నాన్న బెల్టుతో కొట్టేవాడన్నావు. ఒంటరిగా నిద్ర పట్టదన్నావు. అన్నీ గుర్తున్నాయి నాకు. నాలుగుసార్లు నన్ను వెర్రివాణ్ణి చేశావు."

మా నాన్న నా మీద చెయ్యెత్తి ఎరగడు. "అవి నేను రాసినవి కావండీ," అన్నాను.

"మొహం నీది, మాటలు వేరేవాళ్ళవా?" అడుగు ముందుకేసి నా మణికట్టు పట్టుకున్నాడు. చేతిలో జోళ్ళు కింద పడ్డాయి. వదిన వైపు చూశాను. ఆవిడ ఒక్క మాటంటే చాలు, నేను బయటపడతాను.

అతనూ అటే తిరిగాడు. "మీరు చెప్పండి మేడమ్. ఈ అమ్మాయి కాదా?"

వదిన అతని వంక చూసింది. ఇంత దగ్గరగా చూడటం ఆవిడకి ఇదే మొదటిసారి. చాలాసేపు చూసింది.

"ఆ గొడవలు నాకు తెలియవండీ," అంది. తర్వాత, ఎంతో మెత్తగా, "దుకాణంలో వద్దు. ఆరింటికి తను డ్యూటీ దిగుతుంది. మీరు బయట ఉండండి," అంది.

అతను చెయ్యి వదిలి, బయటికి వెళ్ళి తలుపు ముందు మెట్ల మీద కూర్చున్నాడు. వదిన కింద పడిన జోళ్ళు ఏరుతోంది, తల ఎత్తడం లేదు. ఐదున్నర దాటింది. ఈ దుకాణానికి ఆ ఒక్క తలుపే ఉంది.