గోనె లోపలికొచ్చిన నవమి

"ఆ గోనె బయటే పడేసి, తానం చేసి లోపలికి రా. ఇవాళ ఖండేనవమి."

హౌసాబాయి మొగుడు రంగనాథ్ అన్న మాట ఇది. పండగ కాబట్టి అన్నాడనుకోకండి. ముప్పై ఏళ్ళుగా రోజూ ఇదే మాట, పండగ పేరొక్కటే ఉండదు. లోపల పీట మీద అతని పూజ సిద్ధంగా ఉంది. ఆటో తాళం, స్పానరు, జాకీ, వాటి మీద బంతిపూలు. ఆ పక్కనే ఒక కాగితం, సిరా డబ్బా.

"తానం చేసొచ్చి వేలెయ్యి. మంచిరోజని కాగితం కూడా పూజలో పెట్టాను."

ఆవిడ గోనె దించింది గానీ కదల్లేదు. సన్నగా తుంపర మొదలైంది. పుణేలో వాన పోయినట్టే పోయి దసరాకి మళ్ళీ ఒకసారి మొహం చూపిస్తుంది.

ఆ గోనె అత్త గజరాబాయిది. మాసిక మీద మాసిక పడి ఇప్పుడు అసలు గోనె అంటే మూతి అంచొక్కటే మిగిలింది. పెళ్ళయిన తొమ్మిదో రోజున దాన్ని కొత్త కోడలి నెత్తిన పెట్టి సదాశివ్ పేటకి నడిపించిందా ముసలిది. "ఒంటిగంట నించి నాలుగు దాకా ఈ పేటలో దేవుడొచ్చినా తలుపు తియ్యరే. అప్పుడు తిరగెయ్యాలి చెత్తకుండీలు. ముక్కు మూసుకున్నావంటే మూతి పగలగొడతా." ప్లాస్టిక్ ఏరడం చెవితో నేర్పింది. చెవి దగ్గర పెట్టి నలపాలి. గరగరమంటే ఒక కుప్ప, గుసగుసమంటే రెండో కుప్ప, నోరు మెదపకపోతే మూడో కుప్ప. పనయ్యాక నది వంతెన కింద కూర్చుని జొన్నరొట్టె, మిరపకాయ కారం తింటుంటే అత్త ఏదో కూనిరాగం తీసేది. ఆ రొట్టె రుచి మళ్ళీ ఏ పండక్కీ తగల్లేదు హౌసాబాయికి.

అలాగని అత్త దేవత కాదు. కొడుకు పగలంతా పడుకుంటే కోడలి నెత్తిన గోనె పెట్టింది ఆవిడే. "మగపిల్లాడే, వాడి చేతికి గోనెలిస్తామా?" అన్నదీ ఆవిడే. ఆ కొడుకే తర్వాత ఆటో స్టాండులో "మా ఆవిడ నాలుగిళ్ళలో వంటలు చేస్తుంది" అని చెప్పుకు తిరిగాడు. చెత్తలో సంపాదించింది తినడానికి సిగ్గులేదు గానీ, చెత్త అన్న మాట చెప్పడానికి సిగ్గు.

ఖండేనవమి నాడు పనిముట్లకి పూజ చేస్తారు ఎవరైనా. గోనె పనిముట్టు కాదన్నాడు రంగనాథ్, కొత్తలోనే. అత్త లేచింది. కొడుకు దండలోంచి ఒక బంతిపువ్వు తుంచుకుని, బయట మోరీ కాలవ పక్కన కూర్చుని గోనె మూతికి పసుపూ కుంకుమా పెట్టింది. "వీడికి చెప్పకే," అంది. అలా ఎన్నేళ్ళో, ఇద్దరాడవాళ్ళూ మోరీ పక్కనే పండగ చేసుకున్నారు. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మొన్న వార్డు ఆఫీసులో చెత్త ఏరేవాళ్ళకి మీటింగు. కుర్రాఫీసరు బోర్డు మీద గుండ్రంగా సున్నా గీశాడు. "వస్తువు తయారవుతుంది, వాడతాం, పారేస్తాం, అదే మళ్ళీ వస్తువవుతుంది. దీన్ని చక్రీయ ఆర్థికం అంటారు తాయీ. ఇకనించి చెత్త అనకూడదు, వనరు అనాలి."

పక్కన కూర్చున్న సగుణాబాయి మోచేత్తో పొడిచింది. "మనం ముప్పై ఏళ్ళూ గుండ్రంగా తిరిగామటే హౌసా! నేనింకా తిన్నగా నడుస్తున్నాననుకున్నా." తర్వాత పైకే అంది, "చెత్తదీ అని మమ్మల్ని పిలిచేవాళ్ళకి చెప్పు బాబూ ముందు ఆ మాట."

వార్డులో చెత్త వేరుచేసే షెడ్డు వస్తోంది. పైకప్పు, కుళాయి, కాటా ఉంటాయి. కార్డున్నవాళ్ళకే లోపలికి దారి, కార్డేమో ఇంటికొక్కటే. పోయినేడు వార్డువాళ్ళు వీధికొచ్చి రాసుకెళ్ళిన పట్టీలో హౌసాబాయి పేరే ఉంది. దాన్ని మార్చాలంటే ఆవిడే ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వెయ్యాలి. పీట మీది కాగితం అదే.

"సూపర్వైజర్లు కావాలట. కార్డు నా పేరున ఉంటే కుర్చీ నాది," అన్నాడు నిన్న, చాలా సంతోషంగా. "నువ్వెలాగూ పని చేస్తావుగా."

ఎలాగూ. ఆ మాట దగ్గరే ఆగిపోయింది హౌసాబాయి నిన్నట్నించీ.

అత్తకి చివరిరోజుల్లో చూపు పోయింది. మంచం పక్కన కూర్చుని ఆవిడ చెవి దగ్గర ప్లాస్టిక్ ఒక్కోటీ నలిపేది హౌసాబాయి. "గట్టిది. మెత్తది. పాలపాకెట్టు," అని చెప్పేది ముసలిది. ఒక్కటీ తప్పలేదు. పాలపాకెట్టు వచ్చినప్పుడల్లా ఎందుకో నవ్వేది. పోయేముందు రోజు అంది: "హౌసా, గోనె లోపల పెట్టుకోవే. వానకి నానుతోంది."

ఆరేళ్ళయింది. పెట్టుకోలేదు.

తుంపర పెద్దదైంది. హౌసాబాయి వంగి గోనె ఎత్తుకుంది. చెప్పులు విప్పి గడప దగ్గరికొచ్చింది. రంగనాథ్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఏయ్, తానమేదీ? అదెక్కడికి?"

ముప్పై ఏళ్ళు "జరగండి" అన్న నోరు. "జరుగు," అంది. "మీ అమ్మ గోనె నానుతోంది."

ఆ మాటకో, ఆ పిలుపుకో మరి, అతను జరిగాడు. ఆవిడ స్పానరు పక్కకి తోసి గోనెని పీట మీద పెట్టింది. మూతికి పసుపు రాసింది. బొటనవేలు సిరా డబ్బా దాటి కుంకుమ గిన్నెలో ముంచి, గోనె అంచు మీద గట్టిగా నొక్కింది.

"వెయ్యాల్సింది అక్కడ కాదే పిచ్చిదానా, కాగితం మీద!"

"నా పేరున కార్డుకి కావాల్సిన వేలు ఎల్లుండి ఆఫీసులో వేసొస్తాను," అంది.

కాగితం తీసుకుంది. చెవి దగ్గర పెట్టి నలిపింది. కళ్ళు మూసుకుని విన్నది, అత్త విన్నట్టే.

"గుసగుస. రెండో కుప్ప," అని గోనెలో వేసింది.