వంచని కొక్కెం

భూమి ఊగడం ఆగి పావుగంటయింది. కమ్మీల మేస్త్రి, వీధిలోకి వచ్చి ఏడుస్తున్న భార్యను "నేను కట్టిన ఇల్లే పిచ్చిదానా, భయమెందుకు" అని లోపల కూర్చోబెట్టి, కూతురు పాఠాలు చెప్పే బడికి పరుగెత్తుకొచ్చాడు. ఇరవయ్యేళ్ళ కిందట ఆ రెండంతస్తుల బడికి కమ్మీ కట్టింది కూడా అతనే.

బడి నిలబడే ఉంది. కూతురూ పిల్లలూ మైదానంలో ఉన్నారు. హమ్మయ్య అనుకుంటూ వరండా పిల్లరు వంక చూశాడు. అంతే, పైప్రాణాలు పైనే పోయాయి. పెచ్చు ఊడిన చోట రింగు కొస బయటికి తెరుచుకుని ఉంది.

భూమి ఊగి పునాదిని ఇటు గుంజితే పైబరువు అటే ఉండిపోతుంది, మధ్యలో నలిగేది పిల్లరు. అప్పుడు నిలువు కమ్మీలు ఉబ్బిపోకుండా నడుం బిగించి పట్టేది రింగు. దాని కొసలు కొక్కెంలా లోపలికి వంచాలి. వంచితే పని సాగదు, వేళ్ళు నలుగుతాయి. కాంక్రీటు పోశాక ఎవడు చూడొచ్చాడని మూల మడిచి వదిలేసేవాడు మహానుభావుడు. అలవాటైన చెయ్యి, ఏది కట్టినా అంతే.

"ఎండగా ఉంది, లోపలికి పదండర్రా! మా నాన్న కట్టిన బడి, ఏనుగు గుద్దినా కదలదు" అంది కూతురు.

ఏనుగు మాట అతనిదే. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్న గొప్ప. ఇప్పుడు నిజం చెబితే అందరిముందూ పరువు మంటగలుస్తుంది. ముందు వరస పిల్లలు మెట్లెక్కేశారు. మేస్త్రి అడ్డంగా పరుగెత్తాడు.

"ఆగమ్మా! దొంగపని చేశాను. రింగులు వంచలేదు! ఇంకోసారి ఊగితే ఈ పిల్లర్లు ఆగవు!"

కూతురి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. చేతికందిన పిల్లనల్లా వెనక్కి లాగేసింది.

అందరూ మైదానం మధ్యకు చేరేసరికి నేల మళ్ళీ గుర్రుమంది. కింది పిల్లర్లు పగిలి, కమ్మీలు ఉబ్బి, పై అంతస్తు అమాంతం కింది గదుల మీద కూర్చుంది. దుమ్ములో పిల్లల ఏడుపులు తప్ప ఏమీ తెలియలేదు.

కూతురు తలలు లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, అమ్మెక్కడుంది?"

"ఇంట్లో" అన్నాడు మేస్త్రి. "బయటే నిలబడిందమ్మా. నేనే లోపల కూర్చోబెట్టి వచ్చాను."