సొరబుర్ర మూతిన నిలిచిన పేరు

వక్క కోసి, తమలపాకు మీద బొటనవేలితో సున్నం రాసి, మడిచి గంపలో పేర్చడం కోంగ్ హెప్ చేతులకు ఎంత అలవాటంటే, ఆమె చూపు ఆ పని మీద లేదు. గోడకు వేలాడుతున్న సొరబుర్ర మీద ఉంది. మేఘాలయ కొండల్లోని సోహ్రా ఊరి వాన రేకుల కప్పును దంచుతోంది. ఈ పూట ఆ బుర్రలో బియ్యపు సారా పోసి, నిన్న పుట్టిన ఆడపిల్లకు పేరు పెడతారు.

హెప్ అంటే అక్కడి మాటల్లో చిన్నపిల్ల. అరవై దాటినా ఆమెకు వేరే పేరు లేదు. ఆమెకు పేరు పెట్టబోయిన నాడు బుర్ర జారి పగిలింది. మళ్ళీ పెడదామన్న మాట ఏ వానకాలంలోనో కొట్టుకుపోయింది. వయసు వచ్చాక గౌరవంగా దానికి ముందు 'కోంగ్', అంటే అక్క, అన్న మాట చేరిందంతే. ఆ వెలితి వల్లనో ఏమో, బస్సు దిగి తన వద్ద వక్క కొన్నవారిని పేరడగకుండా ఆమె పంపదు. సొంత అన్న పేరు అక్టోబర్ అయిన ఊళ్ళో వింత పేర్లకు కరువేమీ లేదు. అయినా ఆమె ఆకలి తీరదు. విజయనగరం నుంచి వచ్చినావిడ 'వరహాలు' అని చెప్పిన రోజున ఆ పేరును సాయంత్రం దాకా బుగ్గన పెట్టుకుని నమిలింది. జ్విస్లావా అన్న పోలండు పిల్ల దగ్గర డబ్బు పుచ్చుకోలేదు. అన్నిటికంటే తీపిది మాత్రం, స్పెయిను ఉత్తరపు కొండల నుంచి సైకిలు మీద వచ్చి, ఆమె టార్పాలిను కింద వానకు తలదాచుకున్న ఆడమనిషి వదిలివెళ్ళినది: ఇత్సియార్. ఆ పేరు ఈ ఇంట ఒక్క పిల్లకైనా ఉండాలి. అదొక్కటే ఆమె కోరిక.

పేరు ఎవరు తెచ్చినా ఎంచేది చుక్క. పిల్ల తల్లికి మేనమామ అయిన అక్టోబర్ ఒక్కొక్క పేరే పలుకుతూ బుర్ర వంచుతాడు. ఏ పేరు దగ్గర చివరి చుక్క రాలక మూతిని పట్టుకుని నిలుస్తుందో అదే పిల్ల పేరు.

బుర్ర కడిగే పని ఇంటి ఆడపడుచుగా హెప్‌దే. దాన్ని దించి చేతిలోకి తీసుకోగానే ఆమె బొటనవేలు ఆగింది. మూతికి రవ్వంత సున్నం తగిలితే చాలు, అది తడిసి జిగురెక్కాక వచ్చే చుక్క నిలిచిపోతుంది; ఆమె పేరు పలికేది ఆఖరునే. మరుక్షణమే బుర్రను పక్కన పెట్టి, వానలోకి చేతులు చాచి, తోలు ఊడేలా రుద్దుకుంది. ఆ తరువాతే బుర్ర కడిగింది. కానీ బొటనవేలి పగుళ్ళలో తెల్లదనం పోనేలేదు.

అక్టోబర్ గొడుగు విదిలిస్తూ లోపలికి వచ్చాడు.

"అన్నయ్యా, ఒకసారి అను."

"ఇ... త్సి... యార్. నెల నుంచి ఇదే గోల! తుమ్మినట్టుందే తల్లీ నీ పేరు."

"తుమ్మితే తుమ్మావు గానీ, నోట్లో వక్క ఉమ్మేసి తుమ్ము."

బాలింత, హెప్ అక్క కూతురు లారిషా పక్కుమంది. "పిన్నీ, నవ్వించకు, నొప్పి!"

పిల్ల తండ్రి తల్లి కోంగ్ సింఫనీ కూడా తన పేరు మూట కట్టుకునే వచ్చింది: ఎవర్‌గ్రీన్. లారిషాది రిబోర్లిన్. అందరూ బుర్ర చుట్టూ చేరారు.

ఎవర్‌గ్రీన్, టప్పున రాలింది. రిబోర్లిన్, కాస్త ఊగి రాలింది. అక్టోబర్ గొంతు సవరించుకుని, తడబడకుండా, "ఇత్సియార్" అన్నాడు.

చుక్క నిలిచింది. లావెక్కింది. వణికింది. రాలలేదు.

"ఇదేం చోద్యం!" సింఫనీ లేచింది. "బుర్ర కడిగిందెవరు? పొద్దస్తమానం సున్నంలో ఉండే చేతులేగా!"

"అత్తా!" అంది లారిషా.

హెప్ తన బొటనవేలు చూసుకుంది. పూయలేదని ఆమెకు తెలుసు, అంటలేదని తెలియదు.

"నిజమే వదినా. నాకూ అనుమానంగానే ఉంది. నువ్వే కడుగు. బూడిద పెట్టి తోము. మళ్ళీ పోద్దాం."

"రెండోసారి నిలవకపోతే నీ పేరు పోతుంది పిన్నీ!"

"పోనీ. దొంగ పేరైతే పిల్ల మోయలేదు."

సింఫనీ కసికొద్దీ తోమింది. మళ్ళీ ఎవర్‌గ్రీన్ రాలింది, రిబోర్లిన్ రాలింది. మూడో పేరుకు చుక్క మూతిని కరుచుకుని, అక్టోబర్ మోచెయ్యి నొప్పిపుట్టి వణికేదాకా వదలలేదు. అందరికంటే ముందు సింఫనీయే అరిచింది: "నిలిచిందే! నా మనవరాలు ఇత్... ఏదో ఒకటి, నిలిచిందే!"

హెప్ ఏడ్చింది, నవ్వింది, గంప ఎత్తుకుని వానలో పరుగులాంటి నడకతో బస్టాపు చేరింది. ఆ మధ్యాహ్నం ఎవరి పేరూ అడగలేదు. దిగినవాళ్ళందరికీ తానే చెప్పింది: "మా ఇంట్లో ఇత్సియార్ పుట్టింది!"

చివరి బస్సు కండక్టరు వక్క కోసం వంగి, కునుకు తీస్తోందనుకుని రెండుసార్లు పిలిచాడు. పోయినవాళ్ళను దేవుడి వాకిట వక్క నమలడానికి వెళ్ళారని ఆ కొండల్లో అంటారే, హెప్ అలా వెళ్ళిపోయింది. ముఖాన నవ్వు చెదరలేదు.

ఆమె మోకాలి మీద, కొత్తగా సున్నం రాసి ఇంకా మడవని తమలపాకు ఒకటి, నడుమ తెల్లని బొటనవేలి గుర్తుతో, వాన గాలికి కొద్దికొద్దిగా ఊగుతోంది.